దోసె స్టవ్ పైలట్ ఒక్క నొక్కుకే వెలగాలంటే ఏ ఇగ్నైటర్ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. రాజమండ్రి దగ్గర చిన్న షెడ్‌లో హోటళ్లకి దోసె పెనం స్టవ్‌లు చేస్తున్నారు. ఒక్కో స్టవ్‌కి మూడు బర్నర్లు, ప్రతి బర్నర్ పక్కన దాన్ని అంటించే చిన్న మంట, అంటే ఒక పైలట్, ఆ పైలట్‌ని వెలిగించడానికి నొక్కితే టక్కుమని స్పార్క్ ఇచ్చే పీజో ఇగ్నైటర్. షెడ్‌లో పదికి పది సార్లు వెలుగుతోంది. హోటల్లో పెట్టాక రెండు వారాలు తిరక్కుండానే ఫోన్, "మాస్టర్ అగ్గిపెట్టె తీస్తున్నాడు" అని. 15 కిలోవోల్ట్‌ల ఇగ్నైటర్ తీసేసి 20ది పెట్టారు, ఏం మారలేదు. ఇంతకన్నా పవర్ ఉన్నది ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు.

ఇంతకన్నా పవర్ ఉన్న ఇగ్నైటర్ కొనకండి. వోల్టేజీ వరకైతే మీ దగ్గరున్న 15 కిలోవోల్ట్‌లే చాలు. బాలానగర్‌లో ఇరవై ఏళ్లకి పైగా హోటల్ స్టవ్‌లు చేస్తూ, వెనక్కి వచ్చినవి బాగు చేస్తూ నేను చూసినదాంట్లో పైలట్ వెలగకపోవడానికి మూడే కారణాలు మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. స్పార్క్ పడే సమయానికి పైలట్ దగ్గరికి గ్యాస్ ఇంకా రాకపోవడం. స్పార్క్ మనం అనుకున్న చోట కాకుండా మరో చోట పడటం. స్పార్క్ మళ్లీ ఇగ్నైటర్‌కి చేరే దారి తెగిపోవడం. మీరు స్టవ్‌ని పగటిపూట, పొడిగా, అప్పుడే గ్యాస్ తిరిగిన ట్యూబ్‌తో టెస్ట్ చేస్తున్నారు. హోటల్‌వాడు దాన్ని తెల్లవారుజామున నాలుగున్నరకి, రాత్రంతా ఆపి ఉంచి, పైన నీళ్లు పోసి కడిగాక వెలిగిస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు ఈ కిలోవోల్ట్‌ల గోల తేల్చేద్దాం. ఇగ్నైటర్ డబ్బా మీద 20 అని రాసి ఉన్నంత మాత్రాన స్పార్క్ దూకే తీగ, అదే మీ పిన్, దాని కొన దగ్గర 20 కిలోవోల్ట్‌లు వస్తాయనుకోకండి. గాలి తెగేదాకానే వోల్టేజీ పెరుగుతుంది, తెగగానే స్పార్క్ పడి కిందికి జారిపోతుంది. సాదా లెక్కలో గాలికి మిల్లీమీటరుకి సుమారు 3 కిలోవోల్ట్‌లు కావాలి, అంటే పిన్‌కీ పైలట్ లోహానికీ మధ్య 4 మి.మీ. గ్యాప్ ఉంటే 12 దగ్గర. పిన్ కొన సూదిగా ఉంటే ఇంకా తక్కువకే తెగుతుంది. మిగతా 8 కిలోవోల్ట్‌లు మీకు చేసే ఉపకారం ఏమీ లేదు. పిన్ దగ్గర దారి కాస్త కష్టమైతే చాలు, ఆ అదనపు బలంతో వైరు తొడుగులో ఎక్కడ పలచన ఉందో వెతుక్కుని అక్కడ దూకుతుంది. పెద్ద ఇగ్నైటర్ పెట్టాక మీ స్టవ్‌లు ఇంకా తొందరగా చెడిపోయాయేమో ఒకసారి లెక్క చూసుకోండి, నాకైతే అలాగే అయింది.

ఇక శక్తి సంగతి. సరైన పాళ్లలో కలిసిన ప్రొపేన్, గాలి అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ చాలు. చవక పీజో కూడా అంతకన్నా చాలా ఎక్కువే ఇస్తుంది. కాకపోతే "సరైన పాళ్లలో" అన్న మాట మర్చిపోకూడదు. మన ఎల్పీజీ గాలిలో సుమారు 2 శాతం నుంచి 9 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. తక్కువైతే అంటుకోదు, ఎక్కువైనా అంటుకోదు. ఆ హద్దుల దగ్గరికి వెళ్లే కొద్దీ కావలసిన శక్తి చాలా రెట్లు పెరిగిపోతుంది. స్పార్క్‌ని పెద్దది చేయడం కంటే సరైన మిశ్రమం ఉన్న చోట పడేలా చూసుకోవడం తేలిక, ఖర్చూ తక్కువ.

ఇప్పుడు మొదటి కారణం, గ్యాస్ ఇంకా రాకపోవడం. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ సగం కంప్లయింట్లు ఇక్కడివే. మీ పైలట్‌కి ఎంత పొడవు ట్యూబ్ వేశారో చెప్పలేదు. మామూలుగా మనవాళ్లు ముందు ఫ్రేమ్‌లో ఒక చివరన కాక్ (గ్యాస్ తిప్పే కుళాయి) పెట్టి, అక్కణ్నుంచి ఒకటిన్నర మీటరు ట్యూబ్ తిప్పి తెస్తారు, అదీ మెయిన్ లైన్‌కి వాడిన 4 మి.మీ. రంధ్రం ఉన్న ట్యూబే. ఆ ట్యూబ్‌లో పట్టే గాలి సుమారు 19 సీసీలు. రాత్రంతా ఆపి ఉంచితే అందులోకి గాలి చేరుకుంటుంది. ఇప్పుడు పైలట్ జెట్, అంటే గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రం, 0.2 మి.మీ. అనుకుంటే, 30 మిల్లీబార్ ప్రెషర్‌లో అందులోంచి బయటికొచ్చే గ్యాస్ సెకనుకి 1.3 సీసీ దగ్గర. 19ని 1.3తో భాగించండి. దాదాపు 14 సెకన్లు! ఆ 14 సెకన్లు పైలట్ నోట్లోంచి వచ్చేది ఉత్త గాలే. మాస్టర్ ఏం చేస్తాడు? నాబ్ తిప్పి నాలుగు సార్లు టక్కు టక్కు అనిపిస్తాడు, అయిదో సారి అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటాడు. అగ్గిపుల్ల గీసి, దగ్గర పెట్టి, ఒక్క క్షణం ఆగేసరికి గ్యాస్ వచ్చేస్తుంది, వెలుగుతుంది. "చూశావా అన్నా, అగ్గిపుల్లకి వెలుగుతుంది, నీ టక్టక్‌కి వెలగదు" అంటాడు. అతని దృష్టిలో అది రుజువు. మీ షెడ్‌లో మాత్రం పొద్దుట్నుంచీ పదిసార్లు వెలిగించి ఆపుతుంటారు, ట్యూబ్ ఎప్పుడూ గ్యాస్‌తో నిండే ఉంటుంది.

నేను చేసిన మార్పు చిన్నదే. పైలట్ కాక్‌ని బర్నర్ దగ్గరికి జరిపి ట్యూబ్ 60 సెం.మీ.లకి కుదించాను, రంధ్రం 2.5 మి.మీ. ఉన్న సన్న ట్యూబ్ వేశాను. లోపలి గాలి 3 సీసీలకి దిగింది, రెండు మూడు సెకన్లలో గ్యాస్ వచ్చేస్తుంది. మూడు పైలట్‌లకీ కలిపి ఒకటే పొడవాటి లైన్ వేసి మూడో పైలట్ దగ్గర వెలగట్లేదని ఏడ్చేవాళ్లని కూడా చూశాను. వాళ్ల లెక్క కూడా ఇలాగే వేసుకోవచ్చు.

ఇదే కారణంతో హోటల్ స్టవ్‌కి నేను పీజో పెట్టడం మానేశాను. పీజో మంచి వస్తువే, కరెంటు అక్కర్లేదు, సెల్ అక్కర్లేదు, లోపల చిన్న సుత్తి పింగాణీ లాంటి ముక్కని కొడితే వోల్టేజీ పుడుతుంది. కానీ ఒక నొక్కుకి ఒకటే స్పార్క్. గ్యాస్ వచ్చే క్షణమూ, వేలు నొక్కే క్షణమూ కలవాలి. సెల్‌తో నడిచే పల్స్ ఇగ్నైటర్ అయితే నాబ్ నొక్కి ఉంచినంతసేపూ సెకనుకి నాలుగైదు సార్లు కొడుతూనే ఉంటుంది, గ్యాస్ ఎప్పుడొచ్చినా పట్టేస్తుంది. 1.5 వోల్ట్‌ల ఒక్క సెల్ చాలు. 230 వోల్ట్‌లది మాత్రం వద్దండీ, రోజూ పైపుతో నీళ్లు కొట్టే చోట ఎందుకొచ్చిన తంటా. సెల్ పెట్టే డబ్బా ముందు పక్కన, చేతికి అందేలా, వేడికి దూరంగా ఉండాలి. ఒకసారి అందంగా ఉంటుందని పెనం కిందే దాచిపెట్టాను, రెండు నెలలకి సెల్ కారి కాంటాక్టులన్నీ పచ్చగా తుప్పు పట్టాయి.

స్విచ్ వరస కూడా చూసుకోండి. నాబ్ నొక్కగానే ముందు స్పార్క్ మొదలవ్వాలి, ఆ తర్వాత గ్యాస్ తెరుచుకోవాలి. వరస తిరగబడితే ముందొచ్చిన గ్యాస్ కింద ట్రేలో చేరి, స్పార్క్ పడగానే "డబ్" అంటుంది. ఎల్పీజీ గాలికంటే బరువైనది, పైకి పోదు, పల్లానికి పోతుంది. కనుబొమలు కాల్చుకున్న మాస్టర్లు ఏ హోటల్లోనైనా ఒకరిద్దరు ఉంటారు, అడిగి చూడండి.

రెండోది, స్పార్క్ పడే చోటు. చాలామంది పిన్‌ని తెచ్చి పైలట్ నోటికి ఎదురుగా, జెట్‌లోంచి గ్యాస్ తన్నుకొచ్చే చోట పెడతారు, అక్కడ గ్యాస్ ఎక్కువ కదా అని. ఎక్కువే, అంటుకోలేనంత ఎక్కువ. పైగా వేగం. అంటుకున్న చిన్న మంట బలపడేలోపే ఆ వేగం దాన్ని ఊదేస్తుంది. స్పార్క్ పడాల్సింది గ్యాస్ ధార అంచున, పైలట్ నోటికి దగ్గరగా, గాలి కలిసి కాస్త నెమ్మదించిన చోట. దాన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. పైలట్‌ని అగ్గిపుల్లతో వెలిగించి, లైటు ఆపి, పక్క నుంచి చూడండి. నీలం మంట మొదలు దగ్గర దాని బయటి అంచు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. గ్యాప్ మధ్యభాగం అక్కడికి రావాలి, పిన్ ఒళ్లంతా మాత్రం మంటలో మునిగి ఉండకూడదు. మునిగితే కొన కాలి కాలి మొద్దుబారుతుంది. పిన్ కాంతాల్ (వేడికి తట్టుకునే లోహం) తీగతో చేసినది తీసుకోండి, మామూలు ఇనుప తీగ పెట్టి తర్వాత బాధపడకండి.

గ్యాప్ 3 నుంచి 4 మి.మీ. పెట్టుకోండి. తక్కువైతే స్పార్క్ తేలిగ్గా పడుతుంది కదా అని కొంతమంది మెకానిక్‌లు ఒక మిల్లీమీటరుకి వంచేస్తారు. స్పార్క్ పడుతుంది, చిటపటమని చప్పుడూ వస్తుంది, మంట మాత్రం రాదు. ఎందుకంటే రెండు లోహాల మధ్య సందు 2 మి.మీ. కంటే తగ్గితే అప్పుడే పుట్టిన మంట వేడిని ఆ లోహమే పీల్చేసుకుంటుంది. స్పార్క్ కళ్లకి కనిపిస్తూ కూడా వెలగకపోతే ముందు ఇది చూడండి. ఇది తెలియక ఒక స్టవ్ మీద రెండు రోజులు కూర్చున్నాను.

ఇక్కడ డిజైన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. పైలట్ నాజిల్, స్పార్క్ పిన్, థర్మోకపుల్ (మంట ఉందో లేదో పసిగట్టే కడ్డీ), ఈ మూడూ ఒకే బ్రాకెట్ మీద ఉండాలి. మీరు పైలట్‌ని బర్నర్‌కి, పిన్‌ని ఫ్రేమ్‌కి బిగించి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే నేను మొదట్లో అదే చేశాను. వంద కిలోల పెనం వేడెక్కి సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది, కింద ఫ్రేమ్ అంత కదలదు. రెండు వారాలకి 4 మి.మీ. గ్యాప్ 6 అయి కూర్చుంటుంది. మీకు ఫోన్ వచ్చేది కూడా రెండు వారాలు తిరిగేలోపేనన్నారు కదా. 2 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ రేకుతో ఒక చిన్న బ్రాకెట్ చేసి, మూడింటినీ దానికే బిగించి, ఆ బ్రాకెట్ మొత్తాన్ని రెండు బోల్టులతో బర్నర్ పక్కన నిలబెట్టండి. స్టవ్ ఎంత సాగినా ఆ మూడింటి మధ్య దూరం మారదు. చెడిపోతే బ్రాకెట్ మొత్తం ఊడదీసి కొత్తది బిగిస్తే పదిహేను నిమిషాల పని, హోటల్‌వాడికి ఒక టిఫిన్ టైమ్ కూడా పోదు.

మూడోది, తిరుగు దారి. ఇది నా సొంత తప్పుతో నేర్చుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా. ఒక ఏడాది బ్రాకెట్లు అందంగా ఉంటాయని ఇరవై సెట్లు నల్ల పౌడర్ కోటింగ్‌కి పంపాను. నిజంగానే బాగున్నాయి. ఆ ఇరవైలో పద్నాలుగు స్టవ్‌లు వెనక్కి వచ్చాయి. ఒక హోటల్ కుర్రాడైతే "అన్నా, నాబ్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది" అన్నాడు, నేను నమ్మలేదు. వెళ్లి నేనే ముట్టుకున్నాను, మోచేతి దాకా కొట్టింది. సంగతేమిటంటే, స్పార్క్ పిన్ కొన నుంచి పైలట్ లోహానికి దూకాక అక్కణ్నుంచి మళ్లీ ఇగ్నైటర్ ఎర్త్‌కి చేరాలి. బోల్టు కింద, బ్రాకెట్ కింద అంతా పౌడర్ కోటింగే. అది ప్లాస్టిక్ లాంటిది, కరెంటు పోనివ్వదు. దారి లేని స్పార్క్ ఫ్రేమ్ మీద పాకి నాబ్ మీదున్న వేలులోంచి దారి చూసుకుంది. దాంతో ప్రాణం పోయేంత ప్రమాదం ఉండదు గానీ వేడి పెనం ముందు నిలబడ్డ మనిషి ఉలిక్కిపడి చెయ్యి విదిలిస్తే ఆ చెయ్యి ఎక్కడ పడుతుందో ఆలోచించండి.

అప్పట్నుంచీ పైలట్ బ్రాకెట్ నుంచి ఇగ్నైటర్ ఎర్త్ ట్యాబ్‌కి విడిగా ఒక అల్లిక తీగ వేస్తున్నాను. ఫ్రేమ్‌ని నమ్మను. బోల్టు కింద పళ్లున్న వాషర్ వేస్తాను, అది పెయింటుని కొరుక్కుని లోహాన్ని పట్టుకుంటుంది. ఆ చోట కోటింగ్‌ని ఎమరీ పేపర్‌తో తెల్లగా వచ్చేదాకా గీకాలి. మీటర్ పెట్టి చూస్తే బ్రాకెట్‌కీ ఎర్త్ ట్యాబ్‌కీ మధ్య ఒక ఓమ్ లోపే ఉండాలి. మీ స్టవ్‌ల మీద ఈ ఒక్క పరీక్ష ఈ సాయంత్రమే చేసి చూడండి.

ఇక నీళ్ల సంగతి, అసలు కథ ఇక్కడుంది. కూకట్‌పల్లిలో ఒక టిఫిన్ సెంటర్, నాలుగు నెలల్లో ఆరుసార్లు పిలిచారు. మా మెకానిక్ వెళ్లేది పదకొండింటికి, రద్దీ తగ్గాక. అప్పుడు నొక్కితే మొదటి నొక్కుకే వెలుగుతుంది. "పొద్దున వెలగలేదండీ" అంటారు, మావాడు తల గోక్కుని వచ్చేస్తాడు. చివరికి నేనే తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి కూర్చున్నాను. మాస్టర్ వచ్చాడు, నొక్కాడు, వెలగలేదు. షట్టర్ దించమని, ట్యూబ్‌లైట్ ఆపమని, ఇప్పుడు నొక్కమని చెప్పి కింద వంగి చూశాను. పిన్ కొన దగ్గర చీకటి. స్పార్క్ పడుతోంది గానీ పైన కాదు, కింద. వైరు పింగాణీలోకి దూరే చోట సన్నటి నీలం గీత ఒకటి, తడి పింగాణీ మీద వానపాములా పాకుతూ బ్రాకెట్‌లోకి పోతోంది. రాత్రి కడిగిన నీళ్లు, ఆ నీళ్లలో సబ్బు, ఉప్పు, నూనె మసి, అన్నీ కలిసి పింగాణీ మీద ఒక తీగ గీసినట్టే. భుజం మీది తువ్వాలుతో తుడిచి నొక్కమన్నాను. భగ్గున వెలిగింది. ఏడింటికల్లా ఆ వేడికి అంతా ఆరిపోతుంది, పదకొండింటికి వెళ్లిన మెకానిక్‌కి ఏం కనిపిస్తుంది పాపం.

దానికి చేసినవి: పిన్‌ని నిటారుగా కాకుండా కొన కాస్త కిందికి వాలేలా పెట్టాను, నీళ్లు వైరు వైపు జారకుండా కొన వైపు జారి కారిపోతాయి. పింగాణీ పొడవు పెంచాను. స్పార్క్ గ్యాప్ 4 మి.మీ. అయితే పింగాణీ ఒంటి మీద కొన నుంచి బ్రాకెట్ దాకా దారి కనీసం 20 మి.మీ. ఉండాలని నా లెక్క, తడిసినా మసిపట్టినా తట్టుకోవాలి కదా. పింగాణీ అల్యూమినాది, పైన గ్లేజ్ ఉన్నది తీసుకోండి, గరుకుగా ఉన్నది మసిని పీల్చుకుంటుంది, తుడిచినా పోదు. వైరు చివర సిలికాన్ తొడుగు. వైరు కూడా సిలికాన్‌దే, మామూలు పీవీసీ వైరు వేడికి గట్టిపడి చిట్లుతుంది. ఆ వైరుని ఫ్రేమ్‌కి ఆనించి కట్టకండి, మధ్యలో వేలెడు ఖాళీ ఉండనివ్వండి. చివరగా, పైన చిన్న రేకు గొడుగు. దోసె పిండి, నూనె, కడిగే నీళ్లు సూటిగా పిన్ మీద పడవు. గొడుగు మరీ దగ్గరగా పెడితే పైలట్‌కి గాలి అందదు, మంట పసుపుగా మారి మసి కక్కుతుంది, అది చూసుకోండి.

ప్రెషర్ గురించి ఒక మాట. మీ మెయిన్ బర్నర్లు హై ప్రెషర్ రెగ్యులేటర్ మీద నడుస్తున్నాయా? అయితే పైలట్‌ని అదే లైన్ మీంచి తీయకూడదు. ఆ ప్రెషర్‌కి పైలట్ మంట నోరు వదిలి పైకి లేచి ఆరిపోతుంది, మాస్టర్ మెయిన్ పెంచినప్పుడల్లా పైలట్ అల్లల్లాడుతుంది. పైలట్‌కి విడిగా 30 మిల్లీబార్ల లో ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి, మెయిన్ వాల్వ్‌కి ముందు నుంచే లైన్ తీయండి. పైప్‌డ్ గ్యాస్ ఉన్న హోటల్‌కి స్టవ్ ఇస్తుంటే జెట్ వేరు, ఎల్పీజీ జెట్‌తో పైలట్ నిలవదు. సహజ వాయువుకి రంధ్రం పెద్దది కావాలి.

జెట్ మూసుకుపోతే సూది పెట్టి పొడవకండి. 0.2 రంధ్రం 0.25 అయిందంటే గ్యాస్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది, మంట పొడవై పిన్‌ని, థర్మోకపుల్‌ని కాలుస్తుంది. స్పిరిట్‌లో నానబెట్టి వెనక నుంచి గాలి కొట్టండి, పోకపోతే పారేసి కొత్తది వెయ్యండి. రబ్బరు హోస్ లోపలి నుంచి వచ్చే జిడ్డే ఎక్కువగా మూస్తుంది, పైలట్ లైన్ మొదట్లో చిన్న జాలీ ఫిల్టర్ ఒకటి పెడితే తగ్గుతుంది. పైలట్ గాలి రంధ్రంలో బొద్దింక పిల్లలు దూరడం కూడా చూశాను, హోటల్ కదా.

మీరు రాసిన ఇంకో కంప్లయింట్, "వెలుగుతుంది, చెయ్యి తీయగానే ఆరిపోతుంది" అన్నది, ఇగ్నైటర్‌కి సంబంధించింది కాదు. అది థర్మోకపుల్. దాని కొన మంటలో వేడెక్కి కొద్ది మిల్లీవోల్ట్‌లు పుట్టిస్తేనే వాల్వ్‌లోని అయస్కాంతం పట్టుకుని ఉంటుంది. దానికి పది పదిహేను సెకన్లు పడుతుంది, మాస్టర్ మూడు సెకన్లకే వదిలేస్తాడు. నాబ్ పక్కన "వెలిగాక 15 లెక్కపెట్టి వదలండి" అని తెలుగులో స్టిక్కర్ వేశాక సగం ఫోన్లు ఆగిపోయాయి, నవ్వొస్తుంది గానీ నిజం. అప్పటికీ నిలవకపోతే మీటర్ పెట్టండి. వైరు విప్పి కొలిస్తే 20 మిల్లీవోల్ట్‌ల పైన రావాలి. వస్తోంది, అయినా నిలవట్లేదంటే వాల్వ్ దగ్గర నట్ వదులైంది లేదా మురికి పట్టింది. చేత్తో బిగించి, పానాతో పావు తిప్పు మాత్రమే. దమ్ముందని బిగిస్తే లోపలి ఇన్సులేషన్ నలిగిపోతుంది. కుర్రాళ్లు థర్మోకపుల్‌ని తీసేసి వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉండేలా కట్టిపెట్టే చిట్కా ఒకటి నేర్చుకున్నారు ఈ మధ్య, ఎవరైనా మీ స్టవ్‌కి అలా చేస్తే ఆ స్టవ్ వారంటీ ఆపేయండి. పైలట్ ఆరిపోయినా గ్యాస్ పోతూనే ఉంటుంది.

ఇంకో విషయం, మీరు అడగలేదు. మూడు పైలట్‌లూ 24 గంటలూ వెలుగుతూ ఉండాలా అసలు? 0.2 జెట్ పైలట్ దాదాపు 140 వాట్లు తింటుంది. రోజుకి పావు కిలో పైన, నెలకి ఎనిమిది కిలోల గ్యాస్. మూడు పైలట్‌లు అంటే నెలకి 24 కిలోలు, ఒక 19 కిలోల కమర్షియల్ సిలిండర్ పోయి రెండోది మొదలైనట్టే. ఈ లెక్క చెప్పాక చాలామంది ఓనర్లు రాత్రి ఆపేస్తామంటారు. ఆపేస్తే మళ్లీ తెల్లవారుజామున వెలగాలి, అందుకే ఇగ్నిషన్ గట్టిగా ఉండాలి. నిజానికి మీ పెనం స్టవ్‌కి మధ్యలో ఒకటే పైలట్ పెట్టి, అక్కణ్నుంచి పక్క బర్నర్లకి మంట పాకే చిల్లుల గొట్టం వేస్తే సరిపోతుందేమో చూడండి. నేను రెండు బర్నర్ల వాటికి అలాగే చేస్తున్నాను, మూడింటికి ఇంకా చేయలేదు.

స్టవ్ పంపే ముందు నేను చేసే పరీక్షలు చెబుతాను. సాయంత్రం గ్యాస్ ఆపి, పైలట్ బ్రాకెట్ మీద సబ్బు నీళ్లు ఒక చెంబు పోసి, అలాగే వదిలేసి ఇంటికి పోతాను. పొద్దున్నే, తుడవకుండా, మొదటి ప్రయత్నం. అది వెలిగితేనే మిగతావి. తర్వాత రెండు మీటర్ల దూరంలో టేబుల్ ఫ్యాన్ పెట్టి ఇరవై సార్లు, ఎందుకంటే హోటల్లో మాస్టర్ వెనకాల ఎప్పుడూ ఒక ఫ్యాన్ తిరుగుతుంటుంది. బాగా వాడేసిన సెల్ వేసి, 1.1 వోల్ట్ దగ్గర, ఇంకో ఇరవై సార్లు. అయిపోవచ్చిన సిలిండర్‌తో కొన్ని. పెనం ఎర్రగా కాలాక ఆపి, అదే వేడిలో మళ్లీ కొన్ని. మొత్తం వంద సార్లలో అయిదు సెకన్ల లోపు వెలగనివి రెండు దాటితే స్టవ్ లారీ ఎక్కదు. అయిదు సెకన్లలో వెలగకపోతే గ్యాస్ కట్టేసి, తలుపులు తీసి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఫ్యాన్ స్విచ్, లైట్ స్విచ్ ముట్టుకోకూడదు. ఇది టెస్ట్ చేసే మీ కుర్రాళ్లకీ చెప్పండి, హోటల్ మాస్టర్లకీ చెప్పండి.

ఇప్పుడు మీ దగ్గరికి వెనక్కి వచ్చిన స్టవ్ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని బాగు చేయకముందే, కడగకముందే లైటు ఆపి నొక్కి, స్పార్క్ ఎక్కడ పడుతోందో ఫోన్‌లో వీడియో తీయండి. దాంతోపాటు పైలట్ ట్యూబ్ పొడవు, లోపలి రంధ్రం కొలత, రెగ్యులేటర్ హై ప్రెషర్‌దో లో ప్రెషర్‌దో రాయండి. ఆ వీడియో చూస్తే మూడింటిలో ఏ కారణమో చాలావరకు చెప్పేయొచ్చు. ఆ 20 కిలోవోల్ట్‌ల ఇగ్నైటర్లు కొన్న షాపు రాణిగంజ్‌లోదైతే బిల్లు పట్టుకెళ్లి అడగండి, పెట్టె విప్పనివి వెనక్కి తీసుకోవచ్చు.